ఒప్పందం రోజు పోయే భాష

జగదల్‌పూర్ ఆఫీసులో పొద్దున టీ వచ్చేసరికి పలకరింపు ఒకటే. "ఈసారి ఎవరికి ఏది పోతుందట?"

చింతపండు గోదాంతో మొదలైన కంపెనీ అది. సిమెంటులోకి, హోటళ్ళలోకి పాకి, ఇప్పుడు బయటి దేశాల్లో ఫ్యాక్టరీలు కొంటోంది. సంతకాల రోజు పొద్దున, ఆ కొనుగోలు నడిపిన మనిషి నోటికి ఆ దేశం భాష వచ్చేస్తుంది. దానికి చోటిస్తూ లోపలున్న వాటిలో ఒకటి పోతుంది. ఆ నెలలో ఏది తక్కువ మాట్లాడితే అది. గోడతో మాట్లాడితే లెక్కలోకి రాదు, అవతలి మనిషి జవాబివ్వాలి. పోయింది మళ్ళీ నేర్చుకున్నా అంటదు. ఈ కొనుగోళ్ళ విభాగాన్ని ఢిల్లీలో కాకుండా ఇక్కడ పెట్టింది అందుకే. బస్తర్ వాళ్ళకు తలా నాలుగైదు భాషలుంటాయి, ఒకటి పోయినా రోజు గడుస్తుంది.

విభాగానికి పెద్ద బాబూరావు, కిరండూల్‌లో పెరిగిన ఆంధ్రా మనిషి. పోర్చుగల్‌లో రొయ్యల కంపెనీ కొన్నప్పుడు ఆయనకు ఇక్కడి సంతల్లో నడిచే హల్బీ భాష పోయింది.

"మా ఆవిడ నన్ను సంతకు పంపడం మానేసింది. అంతకంటే బోనస్ ఏముంటుంది?" అనేవాడు.

ఆయన కింద పనిచేసే ఆయతి నవ్వేది. దోర్నపాల్ అవతల గోండు పల్లె ఆమెది. తల్లి పోయాక అక్క హుంగే పెంచింది. మిర్చి కోతలకు చర్ల వైపు పోయినప్పుడు గట్టు మీద ఆడుకున్న ఆయతికి తెలుగు వచ్చింది. వంగి కాయలు కోసిన హుంగేకు రాలేదు. హుంగేకు గోండి ఒక్కటే.

ఫిన్లాండ్ కాగితం మిల్లు పని ఆయతికి ఇచ్చారు. అది కుదిరితే కంపెనీ క్వార్టరు వస్తుంది. అక్కను తెచ్చుకోవచ్చు. ఇక కూలికి పంపనక్కర్లేదు.

"ఏ భాష వదులుకుంటావమ్మాయ్?" అడిగాడు బాబూరావు.

"తెలుగు సార్. మిర్చి చేలల్ల దొరికింది, పోతే పోనీ."

"మరి నా జోకులకు ఎవరు నవ్వుతారు?"

"ఇప్పుడు మాత్రం ఎవరు నవ్వుతున్నరు సార్?"

నెలంతా అట్లాగే గడిచింది. మిల్లు లాభాలు, అక్కడి అడవులు, యూనియన్ల పేచీలు. విసుగెత్తినప్పుడల్లా ఇద్దరూ తెలుగులో విసుర్లు విసురుకున్నారు. ఆ సరదాను మాట్లాడటం కింద ఆయతి ఎంచలేదు.

హుంగే ఊళ్ళో సిగ్నల్ లేదు. సంత రోజు దోర్నపాల్ వచ్చి ఫోను చేసేది. ఆ టైముకు మీటింగు నడుస్తూ ఉండేది. మీటింగుకు వచ్చిన బొంబాయి వాళ్ళ ముందు గోండి మాట్లాడటానికి నోరు రాక, ఆయతి "బాద్ మే", తర్వాత అని హిందీలో అని పెట్టేసేది. తిరిగి చేసేసరికి హుంగే అడవి దారి పట్టేసేది. ఆఖరి సంత రోజున మాత్రం గోండిలో గుసగుసగా అంది, "మంగళవారం బస్సెక్కి వచ్చెయ్. ఇక్కడే ఉందువు."

సంతకాలు ఆ మంగళవారమే. ఆయతి లేచేసరికి నోట్లో ఫిన్నిష్ ఉంది, చల్లగా. బాబూరావు ఫోను చేశాడు.

"ఏమ్మాయ్, తెలుగు ఉందా, ఊడిందా?"

"ఉంది సార్," అంది. అన్నాక గోండి మాట ఒక్కటైనా వెతుక్కుంది, దొరకలేదు.

బస్టాండులో హుంగే మూటతో దిగింది. చెల్లెల్ని చూడగానే మాటలు కుమ్మరించింది. ఆయతికి ఒక్కటీ అందలేదు. గొంతు అక్కదే, గొంతు ఒక్కటే. హిందీలో చెప్పి చూసింది, తెలుగులో, ఇంగ్లీషులో. చెల్లెలు ఆట పట్టిస్తోందనుకుని హుంగే నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, చెల్లెలి మొహం చేతుల్లోకి తీసుకుని, చంటిపిల్లకు నేర్పినట్టు ఒకే మాట మళ్ళీ మళ్ళీ పలికింది. ఆయతి పెదాలకు అది అంటలేదు.

హుంగే చేతులు దించేసింది. నేల మీద కూచుని మూట విప్పింది. గోండి కాక ఆమె దగ్గరున్నవి సంతలో అమ్ముకోడానికి పట్టుకున్న నాలుగు హిందీ ముక్కలే.

"లేలో దీదీ," తీసుకో అక్కా అంది, సంతలో కొనేవాళ్ళతో అన్నట్టు ఇప్పపూల పొట్లం చాపుతూ. "అచ్ఛా మాల్ హై."

ఆయతి ఎదురుగా చతికిలబడింది. పొట్లం ఒళ్ళో పెట్టుకుంది. ఆ గొంతు ఆగకూడదని, "ఔర్ క్యా హై?" ఇంకేముందని అడిగింది.

"ఇమ్లీ హై, దీదీ." చింతపండు తీసి ముందు పెట్టింది.

"ఔర్?"

సామలు వచ్చాయి. ఆకులో చుట్టిన ఎర్రచీమల పచ్చడి వచ్చింది. అది ఎవరికోసం నూరిందో చెప్పే మాట హుంగే హిందీలో లేదు.

"ఔర్?" అంది ఆయతి.

హుంగే ఖాళీ చేతులు చూపించింది. మూటగుడ్డ దులిపి, మడిచి భుజాన వేసుకుని, దోర్నపాల్ బస్సెక్కింది.