మగ్గం గుంటలో పూలడబ్బా

డెబ్బై ఎనిమిదిలో ఆడికృత్తిక పండగ మరునాడు తిరుత్తణిలోని ఆదికేశవులు ఇంట్లో రాగిసంకటి, మునక్కాయ పులుసు. ముందురోజంతా ఉపవాసమున్న కడుపు. కోడలు సుందరవల్లి రెండో ముద్ద పెట్టబోతుంటే వీధిలోంచి ఎవరో కేకేశారు.

"కేశవులన్నా, షావుకారు వస్తాండాడు!"

ఆదికేశవులు చెయ్యి కడుక్కుని ముందుగదిలోకి ఉరికాడు. కిటికీలో కోడలు చేసిన పూలడబ్బా ఉంది. తిరువళ్ళూరులో పుట్టి పెరిగిన ఆ పిల్ల ఖాళీ అయినదేదీ పారేయదు. డాల్డా డబ్బాకు బంక పూసి, చీర కోసినాక మగ్గం మీద మిగిలే జానెడు పోగుల్ని ఒకదానికొకటి ముడేసి, ఎరుపూ పసుపూ వరసలుగా చుట్టింది. అందులో పెరటి బంతిపూలు నిలబెట్టింది. పై అంచు దగ్గర మాత్రం నూలు చాలలేదు. డబ్బా మీది తాటిచెట్టు బొమ్మ తల బయటికి కనిపిస్తూ ఉంటుంది.

నూలిచ్చి చీరలు నేయించుకునే షావుకారు ఇంట్లో పూలు వెండి చెంబుల్లో పెడతారు. ఆయన ఆ తాటాకులు చూస్తే ఇంకేముంది, ఈ ఇంట్లో వాడేది డాల్డాయే, నెయ్యి లేదని తెలిసిపోతుంది. ఆదికేశవులు డబ్బాను పూలతో సహా మగ్గం గుంటలోకి దించేశాడు. వంటింటి గుమ్మంలోంచి కోడలు చూసింది.

షావుకారు తణికాచలం వస్తూనే నేత చూద్దామని మగ్గం దగ్గర కూర్చుని కాళ్ళు గుంటలోకి వదిలాడు. డబ్బా ఠంగుమంది. నీళ్ళు పంచె మీద చిమ్మాయి.

"ఏందిది కేశవులూ, గుంటలో కప్పల్ని పెంచుతాండావా?"

నవ్వుతూనే వంగి డబ్బా బయటికి తీశాడు. చుట్టిన రంగులు చూశాడు. తను తూచి ఇచ్చిన నూలు రంగులే. నవ్వు ఆగిపోయింది.

కోసినాక మిగిలిన ముక్కపోగులు నేసినవాడివే, ఎవరూ అడగరు. నేతకని చుట్టుకున్న కండెల మీద మిగిలిన నూలు మాత్రం షావుకారుకు తిరిగి పోవాలి. సుందరవల్లి ముడులన్నీ లోపలివైపుకు తిప్పి చుట్టింది కనక, చూసేవాళ్ళకు అది కండె మీంచి తీసిన నూలే. పైగా గుంటలో దాచి ఉంది.

"నూలు బాగానే మిగిలినట్టుందే," అన్నాడు తణికాచలం కోడలి వైపు చూస్తూ.

ఆదికేశవులు నోరు తెరిచాడు. దాచింది నేనని చెప్పాలి. ఎందుకు దాచినావని అడిగితే డాల్డా మాట ఎత్తాలి.

"నేనే పెట్టినా అయ్యా," అంది సుందరవల్లి. "గుంటలో చల్లగా ఉంటాది, పూలు వాడవని."

షావుకారు పంచె దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఆదికేశవులు మగ్గం ఎక్కలేదు. సాయంత్రం కోడలు కాఫీ ఇచ్చింది. ఎప్పటిలాగే, ఆయనకిష్టమని తీపి కాస్త ఎక్కువ వేసి. లోటా సగంలోనే పక్కన పెట్టేశాడు. భార్య బతికుంటే నాలుగు తిట్టేది, తేలికపడేవాడు.

దీపాలు పెట్టే వేళకు డబ్బా చేతపట్టుకుని, మీద తుండుగుడ్డ అయినా కప్పకుండా, షావుకారింటికి నడిచాడు. ఆయన ముందరే కొస పట్టుకుని నూలు ఊడదీశాడు. జానెడుకొక ముడి.

"గుంటలో పెట్టింది నేను. ఆ పిల్ల కాదు."

"నువ్వెందుకు పెట్టినావు?"

"డాల్డా డబ్బా కదా... మీ కంట పడుతుందని."

లోపల్నుంచి షావుకారు భార్య రంగనాయకమ్మ నవ్వు వినిపించింది. "అయ్యో కేశవులన్నా! పండక్కి మా ఇంట్లో బూరెలు దేంట్లో వేగినాయనుకున్నావు?"

తణికాచలం నవ్వలేదు. ముడుల్ని వేళ్ళతో తడుముతూ, "ఆ పిల్లను నేనట్ల చూసుండకూడదు," అన్నాడు.

ఆ మాట ఆదికేశవులుకే తగిలింది. షావుకారు ఆ పిల్లను ఒక చూపు చూశాడు, అంతే. తను చూస్తూ ఊరుకున్నాడు.

ఇంటి దగ్గర సుందరవల్లి గడపలో నిలబడి ఉంది. "యాడికి పోయినారు మామా?"

"షావుకారింటికి. దాచింది నేనని చెప్పొచ్చినా."

"డాల్డా సంగతి గూడానా?"

"గూడా."

"పోండి మామా! రేపు కొళాయి కాడ నా పేరు డాల్డావల్లి అయిపోతాది ఇంక." నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగింది.

"మాట నీ మీద పడతాంటే ఊరుకున్నానమ్మా."

ఆమె పరవాలేదని అనలేదు. ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చేదాకా పక్కకు తప్పుకుని నిలబడింది. తరవాత గడియ చప్పుడు కాకుండా తలుపు వేసింది.