ఐదో పేజీలో అక్క

నాలుగేళ్లుగా మొదటి స్థానం నుంచి అంగుళం కదలని అక్క, ఆ సోమవారం పొద్దున వెతికితే ఎక్కడా లేదు.

చిట్టి ఆ పేరును మళ్లీ టైపు చేసింది. అదే పేరున్న నాట్యకారిణి వచ్చింది. పళ్ల డాక్టరు వచ్చింది. ఇళ్ల స్థలాలు అమ్మే ఆవిడెవరో ఎర్ర ఫ్రేము కళ్లద్దాలతో నవ్వుతూ వచ్చింది. రెండో పేజీ చూసింది. మూడోది, నాలుగోది చూసింది. ఐదో పేజీ అడుగున, పాత పాఠశాల ఫలితాల జాబితా కింద దొరికింది.

తప్పిపోయిన మహిళ. వయసు ఇరవై తొమ్మిది. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. ఆనవాలు: కుడి మణికట్టు మీద కాలిన మచ్చ. చూసినవారు ఈ నంబరుకు ఫోన్ చేయగలరు.

ఐదో పేజీ దాకా ఎవరు వస్తారు? చిట్టికి తెలుసు, అది తన వృత్తే. టైర్ల కొట్టు మీది అంతస్తులో, రబ్బరు వాసన కొట్టే మూడు బల్లల ఆఫీసులో, చిన్నచిన్న దుకాణాల వెబ్‌సైట్లను సెర్చ్‌లో పైకి తేవడం తన పని. రెండో పేజీ తిప్పేవాడే వందకొకడు. ఐదో పేజీలో ఉన్న మనిషి, లేని మనిషితో సమానం.

ఫోను మోగింది. అమ్మ. రోజూ తొమ్మిదింటికి చేస్తుంది, రోజూ ఒకే ప్రశ్న.

"ఇవాళ ఎన్నో నంబరే?"

"ఒకటే అమ్మా."

"ఆహా," అంది అమ్మ తృప్తిగా. "టిఫిన్ తిన్నావా?"

చిట్టి ఫోను పెట్టేసి ఐదో పేజీ అడుగున ఉన్న ఆ లింకు తెరిచింది. 

ఆ పేజీ తప్పిపోయినవాళ్ల కోసం పనిచేసే ఒక సంఘానిది. వేల పేజీలు, అన్నీ ఒకే అచ్చులో పోసినవి. పేరు, వయసు, ఎత్తు, ఆనవాలు, ఫొటో, నంబరు, అంతే. అక్క కనబడకుండా పోయిన మూడోరోజు బావ వెళ్లి వివరాలిచ్చాడు, నంబరు కూడా ఆయనదే. ఇంకో ఫొటో పెట్టండి, శీర్షికలో ఊరి పేరు చేర్చండి అని చిట్టి వాళ్లను ఎంత బతిమాలినా ఒకటే జవాబు. "అందరికీ ఒకటే అచ్చమ్మా. అక్షరం మార్చడానికి మాకే వీల్లేదు."

లోపల వేలు పెట్టే దారి లేకపోతే బయట నుంచే లేపాలి. అప్పట్లో అన్నం తింటూ నాన్నకు వివరించింది కూడా. "బోర్డు మార్చే వీల్లేని కొట్టు అనుకో నాన్నా. కానీ వీధిలో ప్రతివాడూ 'అదిగో, ఆ కొట్టే' అని వేలు చూపిస్తే జనం అక్కడికే వస్తారా లేదా? సెర్చ్ కూడా అంతే. ఎంతమంది వేలు చూపిస్తే అంత పైకి." నీళ్ల మీటర్లు చూసే నాన్న మాటకారి కాదు. తలూపి మజ్జిగ పోసుకున్నాడు.

అప్పటినుంచి తన దగ్గరికొచ్చిన ప్రతి దుకాణాన్నీ అడిగింది. బేకరీ, తాళంచెవులవాడు, గ్రంథాలయం, ఈత నేర్పే బడి. వాళ్ల సైటు అడుగున ఒక్క లైను, 'ఈమెను ఎక్కడైనా చూశారా?', దానికి అక్క పేజీ లింకు. అలా నలభై మూడు లింకులు పోగయ్యాయి. నాట్యకారిణినీ పళ్ల డాక్టరునీ నెట్టి అక్క మొదటికి ఎక్కింది.

ఇప్పుడు లెక్క చూస్తే తొమ్మిదే ఉన్నాయి.

"ఎవరో పనిగట్టుకుని తీయించారు," అన్నాడు గురువుగారు ఆమె భుజం మీదుగా తెర చూసి. ఆఫీసు ఆయనదే. ఏది చెప్పినా పాఠంలా చెబుతాడని ఆ పేరు పెట్టారు. "పోటీవాళ్లంటావా?"

"తప్పిపోయిన మనిషికి పోటీ ఎవరుంటారు గురువుగారూ?"

ఆయన నాలిక్కరుచుకున్నాడు.

"ఇవాళే అందరికీ ఫోన్ చేసి మళ్లీ పెట్టిస్తా."

"పెట్టించు. వాడు మళ్లీ తీయిస్తాడు. ముందు వాణ్ణి పట్టుకో."

మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. ఒక్క క్షణం చిట్టి మనసులో పాడు ఆలోచన మెదిలింది. బావ మళ్లీ పెళ్లి చేసుకోదలిచాడా? పాత పేరు అడ్డుగా ఉందా?

"చిట్టీ, ఏంటిది? పేజీ కనబడటం లేదు. నేను రోజూ చూస్తాను, తెలుసుగా."

"చూశాను బావా. ఎవరో లింకులు తీయించారు."

 ఆయనెప్పుడూ గొంతు పెంచడు. ఆదివారం ఆదివారం పళ్లు పట్టుకొచ్చి, అమ్మ పక్కన కూర్చుని, 'ఏమన్నా తెలిసిందా అత్తయ్యా' అని అడిగి, కళ్లు తుడుచుకుని వెళ్లే మనిషి. వీధిలో ఆయన్ని మెచ్చుకోనివాళ్లు లేరు.

"ఎవడో కనుక్కో," అన్నాడు మెల్లగా. "నువ్వేం చెయ్యక్కర్లేదు. పేరు చెప్పు చాలు."

అనుమానించినందుకు చిట్టి సిగ్గుపడింది. అక్క కోసం ఇంత కోపం తెచ్చుకునే మనిషి ఇంకొకడు ఉన్నాడని ధైర్యం కూడా వచ్చింది.

ఏ లింకు ఏ రోజు పోయిందో ఆమె దగ్గరున్న ప్రోగ్రాము రాసి పెడుతుంది; అక్క మొదట్లోనే ఉందని ఇన్నాళ్లూ అది తెరిచి చూడలేదు. చిట్టి ఆ తేదీలన్నీ వరసగా కాగితం మీదికి ఎక్కించింది. పదకొండు వారాలు, ముప్ఫై నాలుగు లింకులు. రోజుకు ఒకటి, మహా అయితే రెండు. ఆదివారం ఒక్కటీ పోలేదు. నెలాఖరు వారంలోనూ పోలేదు. కంప్యూటరు ముందు కూర్చుని చేసినవాడైతే ఒక్కరోజులో ముగించేవాడు. వీడెవడో కాళ్లతో తిరుగుతున్నాడు.

ఊరి పటం తెరిచి ఒక్కొక్క దుకాణం మీద చుక్క పెట్టింది. మిల్లు వీధి మొదట్లో ఉన్న బేకరీ, నంబరు మూడు. తరవాత పదకొండు. తరవాత ఇరవై ఏడు. వంతెన దాకా వెళ్లి, ఎదటి వరస పట్టుకుని వెనక్కి ముప్ఫై, పద్దెనిమిది, నాలుగు. ఆ తరవాత పక్క వీధి, అదే పద్ధతి.

కొనేవాడు అలా నడవడు. అమ్మేవాడూ నడవడు. దొంగ అసలే నడవడు.

బడి సెలవుల్లో నాన్న వెనకాల పరిగెత్తిన రోజులు చిట్టికి బాగా గుర్తు. బేసి నంబర్లు వెళ్లేటప్పుడు, సరి నంబర్లు వచ్చేటప్పుడు. నెలాఖరులో ఆఫీసులో కూర్చుని రీడింగులు అప్పగించడం.

పటం మూసేసి బేకరీకి బయల్దేరింది. 

* * *

"ఆయనే," అంది బేకరీ ఆవిడ, మోచేతుల దాకా పిండితో. "ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. గ్లాసుడు నీళ్లు కూడా అడగని మనిషి, ఆ రోజు కుర్చీ అడిగి కూర్చున్నాడు. 'మా పెద్దమ్మాయి లైను తీసెయ్యండమ్మా' అన్నాడు. అయ్యా, కేకు మీద క్రీము తీసెయ్యమన్నంత తేలిగ్గా చెబుతున్నారే అన్నాను. ఆయన నవ్వలేదు."

"నాకు చెప్పలేదేం మీరు?"

"చిన్నదానికి నేనే చెబుతానన్నాడమ్మా. అంత పెద్దాయన చేతులు జోడిస్తే ఎలా కాదంటాను? చెప్పలేదా ఇంకా?"

మిగిలినవి తొమ్మిది. నాన్న నడక ప్రకారం వాటిలో మొదటిది కాలవ వీధిలో పదిహేడో నంబరు, చెప్పులు బాగుచేసే కొట్టు. మర్నాడు పొద్దున చిట్టి దాని గుమ్మం పక్కన నిలబడింది.

పదిన్నరకు నాన్న వచ్చాడు. చేతిలో మూత లేపే కొక్కెం, చొక్కా జేబులో టార్చి. కూతుర్ని చూసి ఆగాడు. దారి మార్చలేదు. దగ్గరికొచ్చి కాలిబాట మీది ఇనప మూతకు కొక్కెం తగిలించి లేపాడు. గొంతుక్కూర్చుని లోపలికి టార్చి వేశాడు.

"నాన్నా, ముప్ఫై నాలుగు."

"లెక్క పెట్టుకోలేదమ్మా."

"నాలుగేళ్లు నాన్నా! ఒక్కో లింకు కోసం ఒక్కొక్కళ్ల గడప పట్టుకు వేలాడాను. దాన్ని ఎవరో ఒకరు చూస్తారని, ఫోన్ చేస్తారని. అమ్మ రోజూ తొమ్మిదయ్యేసరికి ఫోన్ చేసి అడుగుతోంది. నువ్వేమో వీధి వీధీ తిరిగి దాన్ని పాతిపెడుతున్నావా? చచ్చిపోయిందనుకున్నావా?"

ఆయన రీడింగు చూసి, చేతిలోని యంత్రంలో అంకెలు నొక్కాడు. చేతులు దులుపుకోకుండానే మెట్టు మీద కూర్చున్నాడు.

"బతికే ఉంది," అన్నాడు.

కాలవ వీధిలో లారీ ఏదో వెనక్కి వస్తూ గీపెడుతోంది. అది ఆగేదాకా చిట్టికి ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన పక్కన కూలబడింది.

"మూడు నెలల కిందట మా ఆఫీసు కంప్లైంటు నంబరుకు ఫోన్ చేసింది. 'మా మీటరు తిరగడం లేదు, ఆ వార్డు చూసే ఆయన్ని పిలవండి' అందట. ఏ వీధమ్మా అన్నాను. 'నాన్నా' అంది."

"ఎక్కడుంది?"

"నాకూ తెలీదు. చెప్పొద్దని నేనే అన్నాను. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనట. ఇది మూడో ఊరు. మొదటి చోట పక్కనున్న పిల్ల సరదాకి దీని పేరు కొట్టి చూసింది. మొట్టమొదట దీని ఫొటో. 'అక్కో, నువ్వు ఫేమస్సే' అని ఫోను మొహం ముందు పెట్టిందట. కింద మీ బావ నంబరు. ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుంది. రెండో చోట యజమాని చూశాడు. ఆయన ఫోన్ చేశాడు కూడా. కిందటేడు ఎవరో చూశారట అని మీ బావ పరిగెత్తి వెళ్లి ఉత్తచేతులతో వచ్చాడు, గుర్తుందా? మీ అమ్మ ముందు కూర్చుని ఏడ్చాడు. మనమూ ఏడ్చాం. అది ఆయన కంటే గంట ముందు బస్సెక్కింది."

  దాన్ని మొదటికి ఎక్కించింది తను. మొదట్లోనే నిలబెట్టింది తను.

"సంఘం వాళ్లను అడిగాను, తీసెయ్యండని. ఇచ్చినాయన చెప్పాలి అన్నారు. లేదా ఆవిడే వచ్చి సంతకం పెట్టాలి, అప్పుడు ఇచ్చినాయనకు తెలియజేస్తాం అన్నారు. ఇంకేం చెయ్యను? వేలు చూపించేవాళ్లుంటేనే పైకి వస్తుందని నువ్వు చెప్పిందే గుర్తొచ్చింది. ఒక్కొక్కళ్లనీ వేలు దించమని అడుక్కున్నాను."

"నాకు చెబితే ఒక్కరోజులో చేసేదాన్ని కదా నాన్నా."

"నీకు చెప్పొద్దంది."

చిట్టి ఫోను మోగింది. తెర మీద బావ పేరు. ఇద్దరూ దాన్ని చూశారు. అది మోగి మోగి ఆగింది. మళ్లీ మొదలైంది. చిట్టి దాన్ని నొక్కి ఆపేసి, కొట్టులోపల చెప్పులు కుడుతున్న మనిషిని పిలిచింది. "మీ సైటు కింద మా అక్క లైను ఉంది కదా, నేను తీసేస్తున్నాను," అంది.  మెట్టు మీదే లాప్‌టాపు తెరిచి ఆ లైను చెరిపేసింది. తరవాత ఆ పక్కదీ. ఎనిమిది. ఏడు. పాస్‌వర్డు తన దగ్గరున్నవాటన్నిటినీ చెరిపింది.

"కోపంగా ఉందా దానికి నా మీద?"

"కోపం కాదు, భయం," అన్నాడు నాన్న. అప్పటిదాకా మీటరు గుంటనే చూస్తున్నవాడు ఇప్పుడు కూతురి వైపు తిరిగాడు. "మొదటిసారి అది కాపురం వదిలి ఇంటికొచ్చినప్పుడు 'అలిగొచ్చింది, వచ్చి తీసుకెళ్లండి బావా' అని ఫోన్ చేసింది నువ్వే. నవ్వుతూ చేశావు. చిన్నపిల్లవి, నీకేం తెలుసు. మీ అమ్మకు చెబుదామంటే, ఆదివారం ఆయన వచ్చి మొహం వేలాడేస్తే ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మీ ఇద్దరూ తెలియక చేశారమ్మా. తెలిసి చేసినవాణ్ణి నేను. ఇది దానికి తప్ప ఎవరికీ తెలీదు.

"రెండోసారి వచ్చినప్పుడు నేనే దింపి వచ్చాను కదా. మంచినీళ్లిస్తానని మీ బావ లోపలికి పిలిచాడు. ముప్ఫై ఏళ్లుగా పరాయి ఇళ్లలో దూరి చూసేవాణ్ణి, ఎక్కడేం బిగించారో నా కన్ను అడక్కుండానే చూస్తుంది. పడగ్గది తలుపుకు గడియ బయటివైపు ఉంది. కొత్తది. నాలుగు స్క్రూలూ తళతళలాడుతున్నాయి. మీ అక్క నా మొహం చూసింది. నేను చూశానని దానికి తెలిసింది. ఇప్పుడేమంటాడో అని చూస్తూ నిలబడింది. నేను గ్లాసు బల్ల మీద పెట్టాను. 'సర్దుకుపో అమ్మా' అన్నాను. చెప్పులు వేసుకుని వచ్చేశాను."