గొడ్డు మాట

అతని భార్యను చంపింది అతని అక్క. ఇందులో అనుమానానికి గానీ వాదనకు గానీ చోటు లేదు. చుట్టాలంతా జబ్బు అన్నారు. అనుకోనీ.

ఆ ఉదయం కూడా అతను కబేళాలో తడి నేల మీద రబ్బరు బూట్లతో నిలబడి ఉన్నాడు. కోసిన పశువు కడుపులోంచి దిగిన పేగుల కుప్పలో చెయ్యి పెట్టి, గర్భసంచికి రెండు వైపులా అంటుకుని ఉండే అండాశయాలను వెతుకుతున్నాడు. ఒక్కొక్కటి పెద్ద ఉసిరికాయంత. మీద నీటి బొబ్బల్లాంటి పొక్కులు. కత్తెరతో తెంచి, గోరువెచ్చని ఉప్పునీళ్లలో కడిగి, వెడల్పు మూతి ఫ్లాస్కులో వేశాడు. వాటిని పరిశోధనశాలకు చేర్చడమే అతని ఉద్యోగం. చలికి అతని మోచేతుల మీద నుంచి ఆవిరి లేస్తోంది.

"ఏం గుడ్లాయనా, ఇవాళైనా పొదుగుతాయా?" అన్నాడు తోలు తీసేవాడు.

"నువ్వెక్కి కూర్చో. పొదుగుతాయి."

తోలు తీసేవాడు పొట్ట ఊగేలా నవ్వాడు. అతను నవ్వలేదు. తెల్లవారగానే మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, అమ్మకి ఇవాళో రేపో అంటున్నారు. నిన్ను చూడాలంటోంది. కోపం లేదని నీ నోటితో వినాలట." అతను ఫోన్ పెట్టేశాడు.

బస్సులో ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పశువు చచ్చినా దాని ఒంటి వేడి చల్లారకూడదు. చల్లారితే అండాలు పాడవుతాయి.

అతని భార్యకు కడుపు రాకపోవడం కాదు, వచ్చి నిలిచేది కాదు. పెళ్లే ఆలస్యంగా, ఆమెకు నలభై దగ్గర పడ్డాక జరిగింది. రెండో నెలలోనో మూడో నెలలోనో పోయేది. మళ్లీ వచ్చేది, మళ్లీ పోయేది. అప్పట్లో వాళ్లు అక్క ఇంట్లోనే ఉండేవారు. కాన్పు మీద కాన్పుగా ఇల్లు నింపిన అక్క ఆమెకు ఒకటే పేరు పెట్టింది. "గొడ్డు తిన్నదా? గొడ్డు లేచిందా?" తన మనవరాలిని ఆమె ఎత్తుకోబోతే, "గొడ్డు చెయ్యి తగలనివ్వకండి" అంది. ఆ చేతులే ఆ ఇంటి గిన్నెలన్నీ తోమేవి. గొడ్డు చాకిరీకి మాత్రం మైల లేదు. ఒకసారి ఆమె అతని బూట్లు కడుగుతూ, "మీ కబేళాలో నాకూ చోటుందేమో అడగండి" అంది, తల ఎత్తకుండా.

ఆఖరిసారి పోయినప్పుడు నెత్తురు ఆగలేదు. అతను పనిలో ఉన్నాడు. పక్కింటివాళ్లు ఆసుపత్రికి బండి తెస్తామన్నారు. అక్క గుమ్మానికి అడ్డం నిలబడింది. "గొడ్డుకి ఇది మామూలే. సాయంత్రానికి అదే లేస్తుంది."

లేవలేదు.

పరిశోధనశాలలో డాక్టరమ్మ పొక్కుల్లోని నీటిని సూదితో లాగి గాజు పళ్లెంలోకి వదిలింది. రోజూ ఫ్లాస్కు ఇచ్చి వెళ్లిపోయేవాడు ఈరోజు కదల్లేదు.

"ఏంటి, ఏమైనా కావాలా?"

"కడుపు వచ్చి పోతా ఉంటే, తప్పు ఎవరిదమ్మా?"

"పశువుకా?"

"మనిషికి."

ఆమె మైక్రోస్కోపు మీంచి కళ్లు తీసి అతని మొహం చూసింది. తర్వాత జరిగి, చూడమంది. నురగలాంటి పొర మధ్యలో బూడిద రంగు పూసలా గుండ్రటి అండం ఒకటి కనిపించింది.

"మీ ఆవిడ సంగతి చూడకుండా చెప్పలేను. వయసు పైబడ్డాక ఎక్కువగా జరిగేది మాత్రం చెబుతాను. ఆడపిల్ల తల్లి కడుపులో ఉన్నప్పుడే అండాలన్నీ తయారైపోతాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎదురుచూడటమే. లోపల సన్నటి పోగులు జంటలుగా ముడిపడి ఉంటాయి. అండం విడుదలయ్యే రోజు వచ్చాక అవి సరిగ్గా సగానికి సగం విడిపోవాలి. ఏళ్లు గడిచేకొద్దీ ముడి సడలుతుంది. ఒకవైపు పోగు ఎక్కువ పడుతుంది, ఇంకోవైపు తక్కువ. అలాంటి పిండం నిలవదు."

"సడలకుండా ఆమె ఏమైనా చేయాల్సిందా?"

"ఏం చేస్తుందండీ? తను పుట్టకముందు పడ్డ ముడి అది."

తప్పు లేదని తెలిస్తే మనసు తేలికపడుతుందంటారు. అబద్ధం. తప్పు లేనిదాన్ని అన్నాళ్లు కాల్చుకు తిన్నారని తెలిస్తే కడుపు మండుతుంది. అతను ఖాళీ ఫ్లాస్కు కడిగి, చంకలో పెట్టుకుని, అక్క ఇంటికి వెళ్లే బస్సెక్కాడు.

మందుల వాసన గదినిండా ఉంది. ఇనుప మంచం మీద అక్క మూటలా ముడుచుకుని ఉంది. గుమ్మానికి అడ్డం నిలబడ్డ మనిషి ఇంతేనా అనిపించింది. జాలి మాత్రం కలగలేదు.

"ఇంట్లోది పగిలిపోయిందండీ. అత్తయ్యకి వేడినీళ్లు ఇందులో పోసి పెడతాను" అని కోడలు ఫ్లాస్కు అందుకుంది. అందులో ఇంతవరకు ఏమున్నాయో అతను చెప్పలేదు.

"వచ్చావా తమ్ముడూ. కోపం లేదని ఒక్క మాట అనరా. పోతాను."

"దానికి తల్లి కడుపులో పడ్డ ముడి సడలిందంట. డాక్టరమ్మ చెప్పింది. అందులో దాని తప్పేం లేదు. నీ కడుపు పండటంలో నీ గొప్పా లేదు."

అక్క చూపు కప్పు మీదికి తిప్పింది. "అప్పుడు మనకేం తెలుసురా."

"తెలియనిదానివి నోరు మూసుకోవాల్సింది."

కోడలు నీళ్లు నింపిన ఫ్లాస్కు తెచ్చి స్టూలు మీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయింది.

"అయితే ఉందా కోపం?"

"ఉంది."

అక్క గోడ వైపు తిరిగింది. అతను లేచి బయటికి వచ్చాడు.

బస్సు రాలేదు. పొద్దు వాలుతుండగా మేనల్లుడు చెప్పులు లేకుండా రోడ్డు దాటి రావడం కనిపించింది. ఇంక చెప్పక్కర్లేదు. ఇద్దరూ వెనక్కి నడిచారు. గుమ్మం దగ్గర మేనల్లుడు ఆగాడు.

"నువ్వు వెళ్లాక మళ్లీ ఇటు తిరగలేదు మామయ్యా. ఏమన్నావు అమ్మని?"

"అడగకు. మీ అమ్మ సంగతి గానీ, మీ అత్తయ్య సంగతి గానీ నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను."

లోపల మంచం ఖాళీ చేశారు. స్టూలు మీద ఫ్లాస్కు అలాగే ఉంది. మూత తీసి వేలు పెట్టాడు. ఎవరూ తాగని నీళ్లు, ఇంకా వెచ్చగా ఉన్నాయి.