పొద్దు గూకక ముందే మూసిన పెట్టెలు

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు తప్పితే మన్నించండి. చెయ్యి సాగక, ఈ కాస్త రాయడానికే వారాలు పట్టింది. ఇది మూడేళ్ళ కిందట పోయిన మా ఆయన చెంచురామయ్య గురించి.

చెంచురామయ్య ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో తేనెపెట్టె అడుగున వేళ్ళు దూర్చి కాస్త ఎత్తి చూస్తున్నాడు. బరువు తగిలితే లోపల తేనె ఉన్నట్టు. ఆ మధ్యాహ్నం ఏ పెట్టే బరువుగా లేదు. జువ్వలదిన్నె దగ్గరి జీడిమామిడి తోటలో పూత రాలిపోయింది. పూత లేని చోట తేనెటీగలను ఉంచితే చక్కెర నీళ్ళు పోసి బతికించాలి. చక్కెర ధర పెరుగుతోంది. తేనె ధర మాత్రం పడిపోతోంది. కల్తీ సరుకు సగం ధరకే దొరుకుతోందని కావలి వ్యాపారి ఆ వారమే కబురు పెట్టాడు.

ఆయన సన్నటి మనిషి. ఈగలు కుట్టీ కుట్టీ వేళ్ళ కణుపులు మొద్దుబారాయి. ఎడమ కనుబొమ్మ సగం, ఈగలు కుట్టకుండా పొగ పట్టే పొగడబ్బా నిప్పుకి కాలిపోయి మళ్ళీ మొలవలేదు.

ఆ ఏడు మాకు ఊపిరి పోసినవాడు ఉదయగిరి వైపు రైతు పద్మనాభయ్య. విత్తనం కోసం పొద్దుతిరుగుడు వేశాడు. గింజ కట్టాలంటే ఈగలు పువ్వు పువ్వుకీ తిరగాలి. అందుకని పెట్టెకింత అని బాడుగ ముందే ఇచ్చాడు. ఆ డబ్బు అప్పటికే చక్కెర కొట్టుకి చేరిపోయింది.

పెట్టెలు తరలించాలంటే పొద్దు గూకాలి. మేతకు పోయిన ఈగలన్నీ ఇల్లు చేరాకే తలుపు మూయాలి. చెంచురామయ్య ఏనాడూ ఆ పద్ధతి తప్పలేదు. కానీ రాత్రి బండికి బాడుగ రెండింతలు. తక్కువకు వస్తానన్నది రేవులో చేపలు తోలే ప్రసాద్ ఒక్కడే.

ప్రసాద్ నాలుగు కాకముందే వచ్చి హారన్ కొట్టాడు.

"ఏందన్నా, ఇంకా మూయలేదా? నీ ఈగలకి ముహూర్తం చూడాల్నా?"

"పొద్దు గూకనీ ప్రసాదూ. సగం బయటే ఉండాయి."

"పొద్దు గూకినాక బయల్దేరితే రేవుకి ఎప్పుడు తిరిగొచ్చేది? పడవలొచ్చే టైముకి బండి లేకపోతే మా ఓనరు చేపల బదులు నన్ను ఐసులో పెడతాడు."

చెంచురామయ్య తోట మీదుగా ఆకాశంలోకి చూశాడు. దగ్గర పూత లేక దూరం పోయిన ఈగలు ఇప్పుడప్పుడే రావు.

"ఒక్క పెట్టె ఇక్కడే ఉంచి పోదామయ్యా. తిరిగొచ్చినవి అందులో దూరుకుంటాయి" అన్నాను నేను.

"దానిక్కూడా రైతు దగ్గిర బాడుగ తీసుకున్నా గదే."

"రేపొచ్చి తీసుకుపోదువులే."

"ఇంకో బండి ఎవురు తెస్తారు? నువ్వు నెత్తిన పెట్టుకోని వస్తావా?" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

పెట్టె తర్వాత పెట్టెకి తలుపు చెక్క దించుకుంటూ పోయాడు. చివరి పెట్టె దగ్గర నాలుగైదు ఈగలు కాళ్ళకి పసుపుపచ్చని పుప్పొడితో వచ్చి, మూసిన చెక్క మీద వాలి తడుముకున్నాయి. చెక్క ఎత్తి వాటిని లోపలికి పోనిచ్చాడు. వెనకే ఇంకో రెండు వచ్చాయి. మళ్ళీ ఎత్తాడు.

"ఎన్నిటికని తెరుస్తావన్నా?" అన్నాడు ప్రసాద్. ఈసారి ఎగతాళిగా అనలేదు.

చెంచురామయ్య చెక్క దించి మేకు కొట్టాడు. పెట్టెలన్నీ ఎక్కించి బండి కదిలాక వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు పొద్దుతిరుగుడు చేలో ఎండ ఎక్కినా పెట్టెల ముందు సందడి లేదు. లోపల మిగిలినవి పిల్లలను సాకే లేత ఈగలు. అవి ఇంకా మేతకు పోయేవి కావు. పద్మనాభయ్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది చెంచురామయ్యా, ఈగల్ని తెచ్చినావా, ఉత్త పెట్టెలు తెచ్చినావా?"

"ప్రయాణం బడలిక సామీ. తేరుకుంటాయి."

ఆ మాట రైతు ముఖం చూసి చెప్పలేకపోయాడు. ఆ రైతు చెప్పుల వైపు చూస్తూ చెప్పాడు.

అన్నం కూడా తినకుండా ఒక్కడే బస్సెక్కి జీడితోటకు పోయాడు. ఈగల పెట్టెని బస్సులోకి ఎక్కనివ్వరు కాబట్టి ఉత్త చేతులతోనే పోయాడు. అక్కడ చూసింది తర్వాత నాకు చెప్పాడు. సముద్రపు గాలికి రాత్రంతా తడిసిన ఇసుక మీద, ఏ పెట్టె ఈగలు ఆ పెట్టె ఉన్నచోటే ముద్దగా కట్టుకుని ఉన్నాయి. పైవన్నీ చచ్చిపోయాయి. అడుగున కొన్ని కాళ్ళు కదిపాయి. వాటిని దోసిట్లోకి తీసుకుని నోటి ఆవిరితో వెచ్చచేశాడు. ఒక్కటీ కుట్టలేదు. లేవగలిగినవి లేచాయి, గాల్లో ఒక చుట్టు తిరిగాయి, మళ్ళీ అదే ఇసుక మీద వాలాయి.

అవి పూర్తిగా కదలడం మానేసేదాకా ఆయన అక్కడే కూర్చున్నాడు.

పెట్టె ఉన్న ప్రతిచోటా నాలుగేసి కొబ్బరిచిప్పలు ఇసుకలో మిగిలాయి. చీమలు ఎక్కకుండా పెట్టెల పీటల కాళ్ళ కింద నీళ్ళు పోసి ఆయన పెట్టినవి. చీమలు వాటి పక్కనుంచే బారుగా వస్తున్నాయి. చిప్పల్లో నీళ్ళు ఇంకా తేటగా ఉన్నాయి.

— పెంచలమ్మ, అరవై నాలుగేళ్ళు. ఇప్పుడు ఉండేది కావలిలో.