దమయంతి పుస్తకంలో లేని పదహారు పేజీలు

టెలిఫోన్ ఎక్స్ఛేంజి గదిలోకి నీళ్ళొచ్చేశాయి, మడమలు మునిగేంత నీళ్ళు, కానీ ఎవరూ పట్టించుకోవడం లేదు, ట్రంకు బోర్డు మీద దీపాలు ఎప్పట్లాగే ఒక్కొక్కటీ వెలిగి ఆరుతున్నాయి, సీతారత్నం హెడ్‌సెట్ తగిలించుకుని ఏ దీపానికి ఏ ప్లగ్గు పెట్టాలో తన చేతికే తెలిసినట్టు పెట్టుకుంటూ పోతోంది, పక్క కుర్చీలో దమయంతి కూర్చుని ఉంది. దమయంతి పోయి నెల కావస్తోందని రత్నానికి తెలుసు. తెలిసినా అదేమీ అడ్డనిపించడం లేదు. సిబ్బంది తక్కువ కదా, పోయినవాళ్ళకి కూడా డ్యూటీలు వేస్తున్నారు కాబోలు అనుకుంటోంది.

"ఎంతవరకూ వచ్చేవే?" అంటుంది దమయంతి, తల తిప్పకుండానే.

ఆ మాట చెవిన పడగానే రత్నానికి ఒళ్ళు మండుతుంది.

నిజానికి ఆ ప్రశ్న వాళ్ళిద్దరి మధ్యా నమస్కారం లాంటిది. కాకినాడ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్లుగా చేరిన కొత్తలో, కాల్స్ పల్చబడ్డ వేళల్లో, ఒకే నవల చెరో కాపీ ఒళ్ళో పెట్టుకుని చదువుతూ ఒకరినొకరు అలాగే అడిగేవారు. ఉద్యోగాలు అయిపోయాక శాఖా గ్రంథాలయంలో ఆదివారం చదువరుల బృందంలో చేరినప్పుడు కూడా జంటగానే చేరారు. అక్కడి పద్ధతే జంట చదువు. ఏడాది మొదట్లో ప్రతి జంటా ఏయే పుస్తకాలు పూర్తిచేస్తుందో అందరి ముందూ పందెం పలకాలి, రోజూ సాయంత్రం ఫోన్ చేసుకుని ఎక్కడిదాకా వచ్చిందీ చెప్పుకోవాలి, ఒకరు వెనకబడితే రెండోవాళ్ళు ఆగాలి, ఇద్దరూ ముగిస్తేనే పుస్తకం లెక్కలోకి వస్తుంది. ఫోన్ ఎప్పుడూ దమయంతే చేసేది. చేసినవాళ్ళు ముందు అడుగుతారు కాబట్టి రత్నమే ముందు చెప్పేది. పేజీ నంబరు చెప్పి ఊరుకునే మనిషా ఆవిడ! ఎవరు ఎవరితో ఏమన్నారో, ఎలా అన్నారో, గొంతులు మార్చి మరీ చెప్పేది. అంతా విని దమయంతి నిమ్మకు నీరెత్తినట్టు "నేను నీకంటే కాస్త ముందున్నాన్లే" అనేది. అంతే. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, రత్నం మళ్ళీ పుస్తకం అందుకునేది.

"చెప్పను," అంటుంది రత్నం ఇప్పుడు, హెడ్‌సెట్ తీసి బోర్డు మీద పెడుతూ. "నీకు చెప్పను."

"ఏవయ్యిందే?"

"ఏవయ్యిందో నీకు తెలీదూ?"

రత్నం లేస్తుంది, లేచి తలుపు తీస్తే అవతల వరండా ఉండాలి, కానీ గ్రంథాలయం హాలు ఉంది, బెంచీల మీద బృందంవాళ్ళంతా వీపులు ఇటు పెట్టి కూర్చుని ఉన్నారు, ఎదురుగా గోడకి దమయంతి ఫోటో వేసిన ఫ్లెక్సీ కట్టి ఉంది, దాని కింద నీళ్ళు నెమ్మదిగా కదులుతున్నాయి. బృందాన్ని నడిపే కామేశంగారు మైకు పట్టుకుని, ఈ ఏటి పందెం దమయంతిగారి పేరు మీద జరుగుతుందనీ, ఒక్క వారం కూడా వెనకబడని చదువరి ఆవిడేననీ, ఆవిడ జంట సీతారత్నంగారు ఇప్పుడు మాట్లాడతారనీ చెబుతున్నారు. ఫ్లెక్సీ మీద ఫోటో కింద దమయంతి అన్న మాట పెద్ద అక్షరాలతో ఉంది. "అన్నం పెట్టింది. క్షమించలేదు. అవి రెండూ వేరు."

ఆ మాట పుట్టిన సంగతి చెప్పకపోతే రత్నం మంట అర్థం కాదు. పోయినేడు వాళ్ళు పందెం పలికింది రెండు సంపుటాల నవల. గోదావరి పాయ మీద పడవ నడుపుకునే మాణిక్యం కథ అది. మొదటి సంపుటం మధ్యలో, పడవని దొంగతనంగా అమ్ముకుని పారిపోయిన తమ్ముడు ఏళ్ళ తరవాత ఆకలితో తిరిగొస్తాడు. మాణిక్యం పల్లెత్తు మాట అనకుండా ఆకు వేసి అన్నం పెడుతుంది. అక్క మనసు వెన్న అని బృందంలో సగంమంది, వెర్రిబాగుల్ది అని తక్కిన సగంమంది కొట్టుకుంటుంటే, దమయంతి మెల్లగా ఆ మూడు ముక్కలూ అన్నది. అన్నాళ్ళూ ఆ ఘట్టం తలుచుకుని కళ్ళు తుడుచుకున్న రత్నానికి, తను చదివింది సగమే అనిపించింది. ఇలాంటి జంట దొరకడానికి పెట్టిపుట్టాలని ఆ రోజు ఇంటికి నడిచొస్తూ పొంగిపోయింది కూడా.

దమయంతి పోయాక ఆవిడ కూతురు శిరీష పుస్తకాలన్నీ సంచిలో తెచ్చి రత్నానికి ఇచ్చింది. స్నేహితురాలి కాపీలో ఆ ఘట్టాన్ని ఒకసారి చేత్తో తడుముదామని రత్నం తీసి చూస్తే, ఆ ఘట్టం లేదు. బైండింగులో ఒక ఫారం ఎగిరిపోయింది, పదహారు పేజీలు. తమ్ముడు రేవులో దిగడం ఈ పక్కన ఉంది, మళ్ళీ పడవెక్కి పోవడం ఆ పక్కన ఉంది, మధ్యలో అన్నం లేదు, ఆకు లేదు. చదివిన మనిషైతే ఆ పూటే గగ్గోలు పెట్టి కాపీ మార్పించుకునేది. శిరీషకి ఫోన్ చేసి అడిగితే ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. "అమ్మకి రెండేళ్ళనుంచీ అక్షరాలు కనపట్టంలేదు కదా ఆంటీ! చూపు మధ్యలో మచ్చ. ఏ వస్తువైనా అంచులే తెలిసేవి. మీకు తెలుసనుకున్నానే!" నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, రెండేళ్ళ సాయంత్రాలు ఒక్క ఫోన్ కాల్‌తో పుచ్చిపోయాయి.

అందుకే కలలో కూడా రత్నం చేతిలో దమయంతి కాపీయే ఉంది. ఆ ఖాళీని అందరికీ విప్పి చూపించాలి, ఇదిగో మీ గొప్ప చదువరి అని చెప్పాలి, అదే ఆవిడ అనుకున్నది. కానీ మైకు అందుకున్నా బెంచీల మీద వీపులు ఒక్కటీ ఇటు తిరగడం లేదు, దమయంతి మాత్రం మొదటి వరసలో కూర్చుని మొహం కాస్త పక్కకి తిప్పి, కంటి కొసల్లోంచి ఇటే చూస్తోంది.

"చూపించవే," అంటుంది. "అందరికీ చూపించు. ఆలస్యం ఎందుకు?"

"సిగ్గులేదూ నీకు? నీ కూతురికి తెలుసు, కళ్ళ డాక్టరుకి తెలుసు, మీ పాలవాడిక్కూడా తెలిసే ఉంటుంది. నాకు తెలీదు. నాతో మాత్రం ముందున్నాను, ముందున్నాను అంటూ రెండేళ్ళు నా చెవిలో పువ్వులు పెట్టేవు!"

"ముందున్నానంటేనే కదా నువ్వు పరుగెత్తేదానివి. నువ్వు చదివితేనే కదా నాకు తరవాతేమైందో తెలిసేది."

రత్నానికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాదు. తరవాత అర్థమౌతుంది. కళ్ళు మంటలెత్తినా, నడుం పట్టేసినా, దమయంతిని అందుకోవాలని తను పరుగెత్తిన పరుగులన్నీ ఎవరూ లేని బాట మీద పరుగులన్నమాట. వెనక నిలబడ్డ మనిషి ముందున్నట్టు కేకేసి తనని తోలిందన్నమాట. ఇంత మోసం కట్టుకున్నవాడు కూడా చెయ్యలేదు తనకి.

"ఎద్దుని తోలినట్టు తోలేవు నన్ను."

"తోలేను," అంటుంది దమయంతి. కాదనడం లేదు, క్షమించమనీ అనడం లేదు. "చెప్తే ఏం చేసేదానివి చెప్పు?"

"రోజూ వచ్చి చదివి వినిపించేదాన్ని."

"అదీ! అప్పుడు నేను రోగినీ, నువ్వు పుణ్యాత్మురాలివీ అయిపోతాం. పందెం ఎక్కడుంటుందే ఇంక?"

"పుణ్యాత్మురాలిని అవుతానో, నాలుగు రోజులు చదివి విసుక్కుని మానేస్తానో, అది నేను తేల్చుకోవలసింది. నాకు వదల్లేదు నువ్వు. నా తరఫున కూడా నువ్వే తేల్చేసుకున్నావు."

దమయంతి మాట వెతుక్కుంటున్నట్టు ఒళ్ళో చేతులు కదుపుతుంది. బతికి ఉన్నన్నాళ్ళూ ప్రతి మాటకీ జవాబు ఉన్న మనిషి అలా తేలు కుట్టిన దొంగలా కూర్చోవడం చూసి రత్నానికి సంతోషం కలగాలి. కలగడం లేదు.

హాల్లో నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చేశాయి, బెంచీలు తేలుతున్నాయి, చూస్తూ చూస్తూ ఉండగా అవి బెంచీలు కావు, ఒక్కటే పొడవాటి పడవ, దానికి ఈ చివర రత్నం, ఆ చివర దమయంతి, తెడ్డు ఎవరూ వెయ్యకపోయినా పడవ రేవు వైపు పోతోంది, ఇది మాణిక్యం రేవని రత్నానికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తోంది, తను ఎప్పుడూ చూడని రేవే అయినా చదివినప్పుడు మనసులో కట్టుకున్నది అచ్చంగా ఇదే, ఆ చింతచెట్టూ ఇదే, ఆ కూలిన మెట్లూ ఇవే.

"ఆ మాట ఎలా అన్నావు?" అని అడుగుతుంది రత్నం. అన్నింటికన్నా ఇదే ఆవిడని తొలిచేస్తున్నది. "చదవకుండా ఎలా అనగలిగేవు? నీ కాపీలో ఆ పేజీలే లేవు."

"లేవా? నాకు తెలీదే!" దమయంతి నిజంగానే తెల్లబోతుంది. "నువ్వు ఫోన్లో చెప్తుంటే విన్నాను. 'అన్నం పెట్టింది' అనే చోట నీ గొంతు గట్టిపడింది. క్షమించినవాళ్ళ గొంతు అలా ఉండదు. అన్నేళ్ళు బోర్డు మీద కూర్చున్నాం, ఆమాత్రం గొంతు తెలీదా నాకు?"

"నా గొంతేం గట్టిపడలేదు."

"పడింది."

"నేను ఏడ్చేను ఆ ఘట్టానికి."

"ఏడ్చేవు. ఆ మాట దగ్గర మాత్రం ఏడవలేదు."

"అయితే ఆ మాట నాది. ఫ్లెక్సీ మీద నీ పేరుతో వేశారు."

"నీదే. నువ్వు అనలేదు, నేనన్నాను," అంటూ దమయంతి నవ్వుతుంది, ఆ పాడు నవ్వే, ఫోన్లో ప్రతి సాయంత్రం చివర్న వినిపించే నవ్వే, రత్నానికి దాని మీద కోపం వస్తోంది, అది మళ్ళీ వినాలనీ ఉంది, రెండూ ఒకేసారి రావడం ఆవిడకి అసలు నచ్చడం లేదు.

పడవ రేవుని తాకుతుంది. దమయంతి మెట్ల మీద కూర్చుంటుంది, ఎవరో చెప్పినట్టు రత్నం ఆకు వేస్తుంది, గిన్నెలో అన్నం పొగలు కక్కుతోంది, గరిటె చేతిలో ఉంది.

"మధ్యలో పెట్టకే. కనపడదు నాకు. అంచున పెట్టు."

రత్నం ఆకు అంచున, పక్కగా, కొంచెం కొంచెంగా అన్నం పెడుతుంది. మధ్యలో ఆకుపచ్చగా ఖాళీ ఉండిపోయింది.

"రెండో సంపుటంలో మాణిక్యం ఏవైందే?" అని అడుగుతుంది దమయంతి తింటూ.

"నాకూ తెలీదు. నువ్వు పోయిన రోజు పుస్తకం మూసింది మూసినట్టే ఉంది. ఒకరు వెనకబడితే రెండోవాళ్ళు ఆగాలి కదా, ఆగేను."

"నేను నీకంటే ముందున్నాన్లే."

"ఇంకొక్కసారి ఆ అబద్ధం ఆడకు నాతో!"

"ఇప్పుడది అబద్ధం కాదే," అంటుంది దమయంతి నెమ్మదిగా. "సరేలే, రెండోది తరవాత చూద్దాం. ముందు ఆ పదహారు పేజీలూ చదివి పెట్టు. నువ్వు చెప్పింది విన్నాను గానీ రాసింది వినలేదు. అందులో ఎలా ఉందో ఏవిటో!"

"చదవను."

"అన్నం పెడుతున్నావు కదా."

"అన్నమే పెడుతున్నాను," అంటుంది రత్నం, గిన్నె వంచితే గిన్నెలో ఇంకా అన్నం ఉంది, ఎంత పెట్టినా ఉంది, దమయంతి తల వంచుకుని అంచులు తడుముకుంటూ తింటోంది, ఎక్కడో దూరాన బోర్డు మీద ఒక దీపం వెలిగి మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు, మోగుతూనే ఉంది.

ఫోన్ మోగుతోంది. సీతారత్నం కళ్ళు తెరిచింది. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం కొసదాకా వచ్చి ఉంది. గుండె మీద దమయంతి కాపీ బరువుగా ఆనుకుని ఉంది, దమయంతి పేరు మీద ఇవాళ జరిగే సభకి పట్టుకెళ్ళడానికి తీసి, అలాగే నడుం వాల్చినట్టుంది. ఫోన్లో కామేశంగారు.

"రత్నంగారూ, బయల్దేరుతున్నారా? ఆటో పంపించమంటారా? అందరూ వచ్చేస్తున్నారండీ. మీ ప్రసంగం కోసమే ఎదురుచూస్తున్నాం."

"ప్రసంగం చెయ్యనండీ," అంది రత్నం, లేచి కూర్చుంటూ. "దమయంతి పుస్తకంలో పదహారు పేజీలు లేవు. అవి చదువుతాను."

"లేకపోవడమేంటండీ? ఆ ఘట్టం గురించే కదండీ ఆవిడ అంత మాట..."

"ఎందుకు లేవో, ఆ మాట ఎలా వచ్చిందో, చదివాక అదీ చెప్తాను. ఏదీ దాచను. ఆటో పంపించండి."

మొహం కడుక్కుని, చీర సర్దుకుని, అలమరలోంచి తన కాపీ తీసింది. రెండు పుస్తకాలూ సంచిలో పెట్టుకోబోతూ ఆగింది. అంతమంది ముందు చదవాలి, నోరు తిరుగుతుందో లేదో ఒకసారి చూసుకుందామని తన పుస్తకం తెరిచి, గుమ్మం దగ్గరే నిలబడి, పైకి చదవడం మొదలుపెట్టింది. తమ్ముడు మెట్లెక్కాడు. మాణిక్యం అతని మొహం చూడలేదు. ఇన్నిసార్లు చదివిన వాక్యాలే, రత్నం గొంతు యథాప్రకారం వణికింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అన్నం పెట్టింది అనే చోటికి వచ్చేసరికి వణుకు పోయింది. గొంతు గట్టిపడింది.

రత్నం ఆగి, ఆ మాట మళ్ళీ చదివి చూసుకుంది. మళ్ళీ అలాగే గట్టిపడింది. వీధిలో ఆటో హారన్ కొడుతోంది.