భాగ్య ఇంటి వసారా బడి

భర్తకు కోరుట్ల బ్యాంకుకు బదిలీ కావడంతో కళ్యాణి తెనాలి నుంచి వచ్చి, అక్కడే ఒక ప్రైవేటు బడిలో ఒకటో తరగతి టీచరుగా చేరింది. తెలుగు వాళ్లకు తెలుగు చెప్పడానికి ఇబ్బందేముంటుందనుకుంది. ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం మానస అనే పిల్ల లేచి నిలబడింది.

"టీచర్, దూపైతంది."

కళ్యాణికి సాంబ్రాణి పొగ గుర్తొచ్చింది. "ధూపం ఏమిటమ్మా? పుస్తకంలో ఉన్నట్టు సరిగ్గా చెప్పు."

పిల్లలు కిసుక్కున నవ్వారు. మానస తల దించుకుని కూర్చుంది, మళ్లీ నోరెత్తలేదు. బడి వదిలే వేళకు కళ్లు తిరిగి బెంచీ మీద నుంచి కింద పడిపోయింది. మొహాన నీళ్లు చల్లి గ్లాసు అందిస్తే ఆ పిల్ల గటగటా తాగేసింది. అప్పటికి గానీ ఆ మాటకు అర్థం దాహమని కళ్యాణికి తెలియలేదు.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. సకల జనుల సమ్మె కాలం అది. చౌరస్తాలో సమ్మె టెంట్లు, రోడ్ల మీద వంటావార్పులు. ఎక్కడ చూసినా ఆంధ్ర, తెలంగాణ మాటే.

మర్నాడు బడి గేటు దగ్గరికి మానస తల్లి భాగ్య వచ్చింది. బీడీలు చేసి పిల్లను చదివించుకుంటోంది. సంగతి తెలిసి టెంటు దగ్గరి కుర్రాళ్లు కొందరు ఆమె వెంటే వచ్చారు.

"ఆంధ్ర టీచరట గదా! మన పిల్లకు నీళ్లు గూడ ఇయ్యదా?" అని ఒకడు గొంతు పెంచాడు.

అప్పుడు భాగ్య వెనక్కి తిరిగింది.

"నా బిడ్డ ముచ్చట నేను, టీచరు మాట్లాడుకుంటం. మీరు పోర్రి. టెంటు కాడ నేను గూడ కూసుంటున్న. గీమె మీద ఒర్రుతె తెలంగాణ అస్తదా?"

వాళ్లు గొణుక్కుంటూ వెళ్లిపోయారు. కళ్యాణి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "తప్పు నాదేనమ్మా. నాకు అర్థం కాలేదు" అంది.

"ఏడ్వకుండ్రి టీచర్. మా బిడ్డకు దాహం తెల్వది, మీకు దూప తెల్వది. ఇద్దరు నేర్చుకోవాలె, గంతే."

ఆ వారంలోనే సమ్మెకు బడి మూతపడింది. సామాను సర్దుకుని తెనాలి వెళ్దామా అని కళ్యాణి ఆలోచిస్తుండగా భాగ్య ఆమె ఇంటికి వచ్చింది.

"బడి బందైంది గని, పోరగాండ్లు ఆగమైతండ్రు. మా ఇంటికచ్చి జర చెప్తరా టీచర్?"

కళ్యాణి వెళ్లింది. వసారాలో ఒక పక్క ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతుంటే, మరో పక్క వాడకట్టు పిల్లలు పలకలు పట్టుకుని కూర్చున్నారు. ఆమె సొరకాయ బొమ్మ గీస్తే అంతా ఒక్కసారే "అనిగెపుకాయ" అని అరిచారు. ఆ మాట తప్పని ఆమె అనలేదు. రెండు పేర్లూ పక్కపక్కన రాసింది. చొక్కా పక్కన అంగి చేరింది.

భాగ్య అత్త ఎల్లవ్వ చాట పక్కన పెట్టి నవ్వింది. "నీ మాట పువ్వు లెక్క ఉన్నది గని బిడ్డా, సగం సమజ్ గాలె. మల్ల చెప్పు."

కళ్యాణి మళ్లీ చెప్పింది. ఈసారి మానస తన నానమ్మ పక్కన చేరి, మాట మాటకూ విడమర్చి చెప్పింది. బడిలో నోరు మెదపని పిల్ల అక్కడ టీచరులా చెయ్యి తిప్పుతుంటే కళ్యాణి కడుపు నిండిపోయింది.

సమ్మె ముగిసింది. బడి తెరిచారు. మానస ఇప్పుడు పాఠం గట్టిగా చదువుతోంది, అర్థం కాకపోతే ఇంటి మాటలోనే అడుగుతోంది. ఏ మాటన్నా కళ్యాణికి తెలియకపోతే ఆ పిల్లనే అడుగుతుంది.

ఒకరోజు తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసింది. కాసేపు మాట్లాడాక ఆగి, "ఏంటే, నీ మాట తీరు మారిపోయింది? ఎవరు నేర్పారు?" అంది.

"మా భాగ్య" అంది కళ్యాణి. ఆమె ఎవరో చెప్పడం మొదలుపెట్టి, చాలాసేపు ఫోన్ పెట్టేయలేకపోయింది.