నాలుగో గిట్ట

దొర గడి మిద్దె మీద, తెల్లటి సున్నం మీద, ఎర్రటి మేక గిట్టల జాడలు... కింద జొన్నల కొట్టు ఖాళీ.

కొట్టు తలుపుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. మిద్దె నడుమ గింజలు పోసే గవాక్షి మాత్రం నోరు తెరుచుకొని ఉంది. జాడలు అక్కడ మొదలయ్యాయి. పిట్టగోడ దాకా నడిచాయి. పిట్టగోడ ఎక్కాయి.

ఆ తర్వాత — ఆకాశం.

యాదలక్ష్మి చంటిబిడ్డను కొంగులో చుట్టుకొని గడి వాకిట నిలబడింది. ఊరంతా అక్కడే ఉంది.

"దండు దిగింది" అన్నారెవరో.

ఆ గొంతులో భయం ఉంది. భయం కింద ఇంకేదో ఉంది — కొత్త గొంగడి భుజాన వేసుకున్నవాడి నడకలో ఉండే మురిపెం లాంటిది.

మేకపోతుల దండు.

చిట్యాల చుట్టుపక్కల ఆ కథ తెలియని పొయ్యి లేదు. నల్ల మేకపోతులెక్కి, కొమ్ములు పట్టుకొని, మబ్బుల కింద సవారీ చేసే దొంగలు. ఆలేరులో రైలు కూత ఆగేలోపు షాద్‌నగర్ మీద వాళ్ల నీడ పడుతుందట. ఉన్నవాడి కొట్టులోనే దిగుతారట. లేనివాడి గడపలో గింజలు రాలుస్తారట. నిజాం పోయాడు. దొరలు పట్నం పారిపోయి, పోలీసు యాక్షన్ తర్వాత మళ్లీ తిరిగొచ్చారు. దండు మాత్రం ఎక్కడికీ పోలేదట...

ఈ కథ యాదలక్ష్మికి అత్త గోపమ్మ చెప్పింది. చెప్పేటప్పుడు ముసలామె నడుము నిటారుగా అయ్యేది.

ఆ ఏడు వానల్లేవు. పండిన కాసిని జొన్నలు కల్లాల మీది నుంచే గడికి వెళ్లాయి. ఊరు గంజి తాగింది. గంజి కూడా పలచబడింది.

పోలీసు అమీన్ వచ్చాడు. దొర వెంట మిద్దెక్కి జాడలు చూసొచ్చాడు. నవ్వాడు.

"ఊళ్లె మేకలెవరికున్నయి?"

గాలయ్యకు ఉన్నాయి.

గాలయ్య యాదలక్ష్మి మొగుడు.

జవాన్లు అతన్ని గడి స్తంభానికి కట్టారు. తాడు మణికట్ల మీద కోసుకుంది.

"నిన్న పొద్దుగాల సంది తెల్లారెదాక ముత్యాలమ్మ జాతర్లనే ఉన్న సారూ. గడి నౌకర్లే చూసిండ్రు."

"అయితే మేకలే ఎగిరొచ్చినయా? నల్లగొండ జేలుల చెప్పుదువు పా."

జేలుకు పోయినవాళ్లు ఎట్లా తిరిగొస్తారో యాదలక్ష్మి చూసింది. కొందరు రానేలేదు.

మిద్దె మీది నుంచి తలారి బాలయ్య వంగి చూశాడు. అప్పటిదాకా జాడల పక్కనే కూర్చున్నాడు అతను. "దొరా... ఒక్క మాట. ఇవన్ని మూడేసి కాళ్లే. కుడి ముంగాలు యాడ లేదు."

వాకిట ముసలివాళ్లు చేతులు జోడించారు.

జాతరలో మేకను కోశాక దాని కుడి ముంగాలు తెగ్గోసి, దాని నోట్లోనే పెట్టి, తలను ముత్యాలమ్మ ముందుంచుతారు. ఆ కాలు తల్లిది. అంటే ఇవి... తల్లికిచ్చిన మేకలు.

తిరిగొచ్చిన మేకలు.

దొర చెయ్యి మెడలోని తాయెత్తు మీదికి పోయింది. "అమీన్ సాబ్, జర సోంచాయించుండ్రి. తొందరపడకుండ్రి."

"మూడు కాళ్లున్నా మేక మేకనే దొరా. మేకలోడు దొంగనే. నడువురా."

స్తంభం నుంచి తాడు విప్పారు. గాలయ్యను ముందుకు తోశారు.

యాదలక్ష్మికి అప్పుడు గుర్తొచ్చింది. నాలుగో కాలు తల్లిది. మిగతా మూడు కాళ్లు, గుడిని జాజు ఎర్రమట్టితో అలికే మనిషి హక్కు. ఆ మనిషి గోపమ్మ. ప్రతి జాతర నాడూ ఇల్లంతా కాళ్ల పులుసు వాసన. ఈసారి పొయ్యి మీద పులుసు లేదు. "కాళ్లు కరాబైనయి బిడ్డా, పారేసిన" అంది అత్త. పొద్దున మాత్రం పళ్లెంలో జొన్న గట్క పెట్టింది. చిక్కటి గట్క...

యాదలక్ష్మి అత్త చేతుల వైపు చూసింది.

గోళ్ల కింద జాజు. ఎర్రగా.

గోపమ్మ అప్పటికే జనంలోంచి ముందుకు నడుస్తోంది. కొంగు నడుముకు చెక్కుకుంది.

"ఇడువుండ్రి నా కొడుకును. గా గిట్టలు అద్దింది నేను."

"నువ్వా ముసల్దానా? ఎగిరినవా?"

"నిచ్చెన మీద పోయిన. మీరంత జాతర్ల డప్పులు వింటుంటిరి. గడి ఎనుక బండ మీదికెల్లి మిద్దెకు నిచ్చెన అడ్డం ఏసినం. గవాక్షిల ఒకతె దిగి గంపలు నింపితె చేదినం. గవి మా కల్లంల గింజలే. మనిషి జాడ దొరికితె మనిషిని కొడుతరని, మేక కాళ్లు జాజుల ముంచి అద్దిన. మేకలోన్ని పడుతరని తోచలే. గదొక్కటే నా పొరపాటు."

దొర మెల్లగా అడిగాడు. "మరి నాలుగో కాలు?"

"గది తల్లిది దొరా. నీ కొట్టుల చెయ్యి పెట్టిన. తల్లి సొమ్ముల పెడుతనా?"

జవాను చేతిలో తాడు వదులైంది.

"చేదినం అన్నవు" అన్నాడు అమీన్. "నీ తోని ఎవరెవరున్నరు?"

యాదలక్ష్మి బిడ్డను భుజానికి ఎత్తుకొని, పోయి అత్త పక్కన నిలబడింది. వెనక ఆడవాళ్లెవరూ తల దించలేదు. ఎవరిదో కాలి కడియం కదిలింది. ఇంకొకరిది...

గోపమ్మ పైకి చూసింది. తెల్లటి సున్నం. ఎర్రటి గిట్టలు. పిట్టగోడ. ఆ తర్వాత —

"నా తోని మేకలుండె సారూ. నల్ల మేకలు. ఎక్కినం... పోయినం."